కొంగ ముక్కున వరి కంకి

ఈ మధ్య బాన్సువాడలో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు రెండు రోజుల శిక్షణ పెట్టారు. వడ్ల కొనుగోలు కేంద్రాలు నడపబోయే వాళ్లు. పాతవాణ్ని కదా, నాలుగు మాటలు చెప్పమని నన్నూ పిలిచారు. తేమ మిషన్‌లో గింజలు ఎలా పోయాలో, ఖాళీ సంచులు తడవకుండా ఎక్కడ పెట్టుకోవాలో, లారీ డ్రైవర్‌తో ఎంతవరకు గొడవ పడొచ్చో చెప్పాను. నవ్వుతూ విన్నారు. చివర్లో ఒకమ్మాయి లేచి, "సార్, మీ సర్వీసుల మీరు చేసిన పెద్ద తప్పు ఏంది సార్?" అని అడిగింది. తడి సంచుల మీద కూర్చుని, ఆ ప్యాంటుతోనే పెద్దాఫీసరు ముందు నిలబడ్డ కథ చెప్పి తప్పించుకున్నాను. చప్పట్లు కొట్టారు. మిర్చిబజ్జీలు తిని ఇంటికి వచ్చాను గానీ, రెండు రోజులు ఆ అమ్మాయి ముఖమే కళ్లలో మెదిలింది. ఆమె అడిగిన ప్రశ్నకు అసలు జవాబు ఇది. ఆలస్యమైంది. ఆలస్యం చేయడం నాకు కొత్త కాదని చదివితే మీకే తెలుస్తుంది.

నేను సహకార సంఘంలో పనిచేశాను. చాలా ఏళ్లు ఎరువుల గోదాము చూశాను. చివరి ఏళ్లలో పంట చేతికొచ్చే కాలంలో వడ్ల సెంటర్‌కు ఇన్‌చార్జిగా వేసేవారు. అయితే నా దృష్టిలో నేను ఉద్యోగి వేషంలో ఉన్న కళాకారుణ్ని. బడిలో డ్రాయింగ్‌లో బహుమతులు వచ్చాయి. సంఘంలో ఏ బోర్డు రాయాలన్నా నన్నే పిలిచేవారు. పిలవకపోతే నేనే వెళ్లేవాణ్ని. "గోడకు జాగా కనబడితే చాలు, మా ఆయనకు చెయ్యి దురద" అని మా ఆవిడ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. కళ అంటే నాకు పక్కా లెక్క ఉండేది. అది నిలవాలి, పదిమంది చూసే చోట వేలాడాలి, కింద మూలన గీసినవాడి పేరు ఉండాలి. ఈ మూడూ లేనిది నా దృష్టిలో కాలక్షేపం.

ఆ ఏడు నా సెంటర్ బాన్సువాడ నుంచి కోటగిరి వెళ్లే దారిలో, కాలువ పక్కన ఖాళీ జాగాలో పెట్టారు. ఒక టెంటు, రెండు కాంటాలు, ఒక బల్ల, నేను. రేకు మీద రంగులతో బోర్డు నేనే రాసి రోడ్డు వైపు కట్టాను. కేంద్రం పేరు, వేళలు, నిబంధనలు, అటూ ఇటూ ఒక్కో వరి కంకి. కింద కుడి మూలన చిన్నగా నా పొడి అక్షరాలు. దారిన పోయేవాళ్లు బండి ఆపి చదువుతుంటే నేను వేరే పనిలో ఉన్నట్టు నటించేవాణ్ని.

యాసంగి వడ్లు, అంటే ఎండాకాలం పంట, ఒక్కసారిగా వచ్చి పడతాయి. రైతు తెచ్చి పోస్తాడు, ఆరబెడతాడు, తేమ తగ్గాక తన వంతు కోసం, సంచుల కోసం, లారీ కోసం కాచుకుని కూర్చుంటాడు. వారం పట్టొచ్చు, పది రోజులూ పట్టొచ్చు. అన్ని రోజులూ కుప్ప ఆరుబయటే. అందుకని ఈ వైపు ఒక పాత అలవాటు ఉంది. సాయంత్రం కుప్ప ఎత్తి నున్నగా చేశాక దాని మీద బూడిదతో ముద్ర వేస్తారు. పిడికిట్లో బూడిద పట్టుకుని వేళ్ల సందులోంచి సన్నగా జారుస్తూ కుప్ప చుట్టూ గీత తిప్పుతారు. ఎవరైనా చెయ్యి పెట్టి గుప్పెడు వడ్లు తీసినా గింజలు జారి గీత తెగుతుంది. పొద్దున వచ్చి చూస్తే తెలిసిపోతుంది. ముద్ర తెగలేదంటే వడ్లు భద్రం. తాళం లేని చోట అదే తాళం. ఎక్కువమంది రెండు మూడు గీతలు గీసి ఊరుకుంటారు.

ఒక కుప్ప మీద మాత్రం గీతలు కాదు, బొమ్మలు ఉండేవి.

ఆ కుప్ప కోటగిరి వైపు ఒక పెద్ద రైతుది. కాపలాకు ఆయన పెట్టింది ఒక అవ్వను. వాళ్ల పొలంలో ఆమె అత్త కాలం నుంచి నాట్లు వేసిన ఇల్లు ఆమెది. ఇప్పుడు నడుం వంగక కాపలాకు వస్తోంది. సన్నటి మనిషి, మెడలో నల్లదారానికి చిన్న సిలువ, చంకలో బూడిద ఉన్న రేకు డబ్బా. సాయంత్రం కుప్ప ఎత్తగానే ఆమె చుట్టూ ఒకసారి నడిచేది. తర్వాత పిడికిట్లో బూడిద తీసుకుని మొదలుపెట్టేది. ఒకరోజు చేపల గుంపు. ఒకరోజు వరికోత మిషన్, దాని వెనక పిట్టలు. ఒకరోజు గొడుగు పట్టుకుని బొజ్జేసుకుని, మూతి బిగించుకున్న ఒక మనిషి. అది ఎవరో నాకు ఎవరూ చెప్పలేదు గానీ హమాలీలు ఆ పూటంతా నన్ను చూసి ముసిముసిగా నవ్వుకున్నారు.

పొద్దున ఎండ రాగానే ఆరడానికి ఆమే కాళ్లతో ఆ వడ్లను పరిచి నెరిపేది. బొమ్మ ఆమె పాదాల కిందే పోయేది. కనీసం ఒకసారి వెనక్కి చూసేది కూడా కాదు. నాకు ఒళ్లు మండేది. ఎందుకు మండుతోందో అప్పుడు తెలియలేదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "అవ్వా, అందరు గీతలు గీస్తుండ్రు. నీకెందుకు గీ తంటా? గీత గీస్తే సరిపోదా?"

"సరిపోతది సారూ."

"మరి?"

ఆమె నా వైపు చూడలేదు. చేప తోక గీస్తోంది. "గీత గీస్తే వడ్లకు సరిపోతది" అంది.

నాకు ఆ మాట నచ్చలేదు. నిబంధన ఒకటి తీశాను. "గింత బూడిద పోస్తే వడ్లల్ల కలుస్తది. చెత్త ఎక్కువున్నదని మిల్లోళ్లు తిప్పి పంపుతరు."

"గింత ఏడున్నది సారూ? పిడికెడు. మీ కాంట కాడ అంతకంటే ఎక్కువ దుమ్ము లేస్తది" అని డబ్బా మూత పెట్టింది.

మర్నాడు ఆమె మా బోర్డు ముందు నిలబడి ఉంది. చదువు రాదు కాబట్టి బొమ్మలే చూస్తోంది. నేను మెల్లగా పక్కకు వెళ్లి నిలబడ్డాను. మెచ్చుకోలు వినడానికి చెవులు సిద్ధం చేసుకుని మరీ నిలబడ్డాను.

"ఎవలు గీసిండ్రు సారూ?"

"నేనే."

"కంకి గిట్ల నిలవడి ఉంటదా? గింజ పట్టినంక వంగుతది గద."

ఎన్నో ఏళ్లుగా ఆ కంకులు గీస్తున్నాను. గోదాము గోడ మీద, పిల్లల పుస్తకాల అట్టల మీద, చివరికి మా మరదలి పెళ్లిపత్రిక మీద కూడా. అన్నీ కర్రలా నిటారుగా ఉన్నవే. ఒక్కరూ అనలేదు. "బొమ్మల అట్లనే ఉంటది అవ్వా" అన్నాను బింకంగా.

ఆమె తలూపి, కింద మూలను వేలితో చూపించింది. "గదేంది, సున్నకు తోక పెట్టినట్టు?"

"నా పేరు. ఎవరు గీసిండ్రో తెల్వాలె గద."

"బొమ్మ చూస్తే తెల్వదా?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది.

మా సెంటర్‌లో ఇంకొకరు ఉండేవారు. రైతుల వివరాలు ట్యాబ్‌లో ఎక్కించే ఆపరేటర్ అమ్మాయి. కూలి ఇంట్లో పుట్టి డిగ్రీ చదువుకుంది. వాళ్ల ఇల్లు అవ్వ ఉండే వాడకు పక్కనే. పని ముగించి వెళ్లేముందు ఆ అమ్మాయి రోజూ కుప్ప మీది బొమ్మను ఫోన్‌లో ఫోటో తీసుకునేది. "ఎందుకమ్మా, రేపటికి ఉండదు కదా" అంటే, "అందుకే తీస్తున్న సార్" అనేది.

ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుకుని వాదించుకున్నాం. అది కళ కాదన్నాను. కాపలా పని అన్నాను. రేపు ఉండనిదాన్ని, ఎవరూ కొననిదాన్ని, పేరు లేనిదాన్ని కళ అని ఎలా అంటాం అన్నాను.

"మరి మీ బోర్డు సార్?"

"అది నిలుస్తుంది."

"సీజన్ అయినంక మూల పడేస్తం గద సార్" అని పెరుగన్నం కలుపుకుంది. ఈ కాలం పిల్లలకు మర్యాద తెలియదని ఆ రోజు ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పాను. ఆమె అంతా విని, "పిల్ల చెప్పింది తప్పా?" అంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఆ శనివారం సాయంత్రం అవ్వ కొంగను గీసింది. రోడ్డు వైపు ఉన్న పక్కంతా పరుచుకున్న పెద్ద కొంగ. ఒంటికాలి మీద నిలబడి, ముక్కున వరి కంకి పట్టుకుని ఉంది. "కొంగ చేపలు తింటది గానీ కంకులు తింటదా అవ్వా?" అని తప్పు దొరికిన సంతోషంతో అడిగాను. "ఇది సెంటర్ కొంగ సారూ. తినదు, నీ లెక్క తేమ చూస్తది" అంది. ఆపరేటర్ అమ్మాయి నవ్వు ఆపుకోలేక ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకుని ఫోటో తీసింది. ఆ వడ్లు అప్పటికే ఎండాయి. ఇక నెరిపే పని లేదు, వంతు రావడమే తరువాయి. అందుకని ఆ కొంగ మర్నాడు కూడా అలాగే ఉండాలి.

ఆదివారం అవ్వ చర్చికి వెళ్లింది. ఆపరేటర్‌కు సెలవు. మా ఊరి హమాలీలు కూడా రారు కాబట్టి పక్క సెంటర్ నుంచి బీహార్ ముఠాను ఒక పూటకు అడిగి తెచ్చుకున్నాను. ఒక రైతు వడ్లు నింపి లారీ ఎక్కిస్తుంటే, లారీ నిండడానికి పన్నెండు సంచుల వడ్లు తక్కువ పడ్డాయి. ఆయన ఇంకో ట్రాక్టర్ వడ్లు సాయంత్రానికి వస్తాయన్నాడు. డ్రైవర్ ఆగనన్నాడు. ఆ రోజుల్లో లారీ దొరకడమే గగనం. అవ్వ కాపలా ఉండే కుప్పలోనూ అవే దొడ్డు వడ్లు. పెద్ద రైతుకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. పన్నెండు సంచులే కదా, సాయంత్రం ట్రాక్టర్ రాగానే అటువి ఇటు పోసేస్తే సరి అనుకున్నాను. ఇలాంటి సర్దుబాటు సెంటర్లలో జరుగుతూనే ఉంటుంది. రైతుకు చెప్పి చేయాలి, అంతే. నేను చెప్పకుండా చేశాను. హమాలీలు కుప్ప ఒక చివర నుంచి సంచులు నింపి లారీ ఎక్కించారు. అదే లారీలో మిల్లుకు వెళ్లి, అటు నుంచి అటే తమ సెంటర్‌కు వెళ్లిపోయారు. ఆ రైతు అంతకుముందే కోత దగ్గరికి పోయాడు, మిగతా కాపలావాళ్లు అన్నానికి ఇళ్లకు పోయి ఉన్నారు.

కుప్ప దగ్గర నేనొక్కణ్నే మిగిలాను. చూస్తే గింజలు జారి కొంగ మెడ, తల, ముక్కు, కంకి పోయాయి. ఒంటికాలు, తోక, కడుపు మిగిలాయి. అవ్వ వచ్చి చూస్తే అల్లరి చేస్తుందని భయం వేసింది. చెక్కపలకతో కుప్పను సరిచేశాను. డబ్బా అక్కడే ఉంది. మూత తీశాను.

మొదట కప్పిపుచ్చడానికే గీశాను. అది అబద్ధం కాదు. కానీ పిడికిట్లోంచి బూడిద జారడం మొదలయ్యాక ఇంకేదో అయింది. రేకు మీద బ్రష్ పెడితే అది ఉన్నచోట ఉంటుంది. ఇక్కడ గింజ కదులుతుంది, వాలు లాగుతుంది, చెయ్యి ఆగితే బూడిద ముద్దగా పడుతుంది. మెడ వంపు రెండుసార్లు చెరిపాను. ఎండ నెత్తిన కొడుతోంది, గొడుగు ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. లారీ, పన్నెండు సంచులు, ఫోన్ ఎత్తని రైతు, అన్నీ మరిచిపోయాను. ఎవరూ చూడటం లేదు. చూసినా అది నేను గీశానని చెప్పుకోవడానికి లేదు. అయినా ఆ అరగంట నేను ఎంత సుఖంగా ఉన్నానో మళ్లీ ఎప్పుడూ ఉండలేదు. చివరగా ముక్కున కంకి పెట్టి దూరంగా వెళ్లి చూసుకున్నాను. ముచ్చటేసింది.

సాయంత్రం రావాల్సిన ట్రాక్టర్ రాలేదు. వరికోత మిషన్ చెడిపోయిందట, రేపు తెస్తామని ఫోన్ చేశారు. అవ్వ చీకటి పడే వేళకు వచ్చి, ముద్ర తెగలేదని దూరం నుంచే చూసుకుని, కుప్ప పక్కన పరిచిన తన టార్పాలిన్ పరదా మీద కూర్చుంది. నేను బండి తీసుకుని ఇంటికి వెళ్లిపోయాను.

సోమవారం పొద్దున నేను వెళ్లేసరికి కుప్ప దగ్గర పదిమంది గుమిగూడారు. పెద్ద రైతు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. గాలికి వడ్ల కింది పరదా లేవకుండా ఆయన కుప్ప అంచు వెంట రాళ్లు పెట్టించుకున్నాడు. ఇప్పుడు ఒక చివర రాళ్లకూ వడ్లకూ మధ్య మూరెడు ఖాళీ కనబడుతోంది. ఆ సంగతి నాకు తట్టనే లేదు. నేను కొంగను చూసుకున్నాను గానీ రాళ్లను చూసుకోలేదు.

"పది పదిహేను సంచులు పోయినయి" అన్నాడు రైతు. చెడ్డవాడు కాదాయన. కోపం కంటే బాధే ఎక్కువ కనబడింది. "ముద్ర తెగలే. తెగకుంట వడ్లు ఎట్ల పోతయి అవ్వా? తీసినోళ్లే మళ్ల గీయాలె. గీ బొమ్మలు నువ్వు తప్ప ఎవలు గీస్తరు?"

"నేను తియ్యలేదు పటేలా."

"నేను మాత్రం ఎట్ల నమ్మాలె చెప్పు." ఆయన నా వైపు తిరిగాడు. "సార్, మీరు బొమ్మలు గీస్తరు కదా, మీకెర్క. గిట్ల ఇంకెవలన్న గీయగల్గుతరా?"

పిల్లలూ, ఇక్కడ ఒక్క మాట చాలు. నేనే తీశాను అంటే అయిపోయేది. కానీ ఆ క్షణంలో, చెప్పకుండా వడ్లు తీసినందుకు పైవాళ్లు ఏమంటారో, ఈ పదిమంది ముందు తలెలా ఎత్తుకోవాలో, అన్నీ ఒక్కసారే బుర్రలో తిరిగాయి. మధ్యాహ్నం ట్రాక్టర్ వస్తుంది, మెల్లగా పోసేస్తాను, అంతా సర్దుకుంటుంది అనుకున్నాను. నోటి నుంచి వచ్చింది మాత్రం ఇది.

"ఎవరూ గీయలేరు."

అన్ని రోజులుగా అది కళే కాదని వాదించినవాణ్ని. ఆమె చేతికి సాటి లేదని నేను ఒప్పుకున్న మొదటిసారి, ఆమెను దొంగను చేయడానికి ఒప్పుకున్నాను.

అవ్వ ఏడవలేదు. కుప్ప ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ముందు రోజు చీకట్లో దూరం నుంచి చూసిన ముద్రను ఇప్పుడు దగ్గరగా చూసింది. కాలు చూసింది, కడుపు చూసింది, మెడ దగ్గర బూడిద ముద్దలు ముద్దలుగా పడినచోట వేలు పెట్టింది. తర్వాత కంకిని చూసింది. కొంగ ముక్కున కంకి కర్రలా నిటారుగా నిలబడి ఉంది.

ఆమె తల తిప్పి రోడ్డు వైపు మా బోర్డును చూసింది. తర్వాత నన్ను చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను.

"తోక నాది. తలకాయ నేను గీసింది కాదు పటేలా" అంది లేస్తూ. "ఎవలు గీసిండ్రో గీసినోళ్లకు ఎర్కే."

"పేరు చెప్పు మరి."

"నేనెందుకు చెప్పాలె? వాళ్లకు నోరు లేదా?"

డబ్బా చంకన పెట్టుకుని కాలువ గట్టు మీదుగా ఇంటికి నడిచి వెళ్లిపోయింది. రైతు ఆపలేదు. "మా అమ్మ చేతుల అన్నం తిన్నది సార్, గీమె గిట్ల చేసుడేంది" అంటూ తలపట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం ట్రాక్టర్ వచ్చింది. ఇప్పుడు వడ్లు వెనక్కి పోసేయొచ్చు. పోస్తే పెద్ద రైతుకు నష్టం తీరిపోతుంది. అవ్వ మీద పడ్డ మాట మాత్రం అలాగే ఉంటుంది. పైగా భయపడి తెచ్చి పెట్టిందని కూడా అంటారు. అలా నిలబడి ఆలోచిస్తుంటే ఆపరేటర్ అమ్మాయి వచ్చి ఫోన్ నా బల్ల మీద పెట్టింది. శనివారం ఫోటో. కంకి బరువుగా కిందికి వంగి ఉంది, గింజలు రాలతాయేమో అన్నట్టు ఉంది.

"సార్, నేను అన్నం తినొస్త" అని టెంటు వెనక్కి వెళ్లింది. ఫోన్ తీసుకెళ్లలేదు. చాలాసేపటి వరకు తిరిగి రాలేదు. ఆ అమ్మాయికి మర్యాద తెలియదని అన్నాను కదా. ఆ రోజు నా పరువు నా చేతుల్లోనే పెట్టి వెళ్లింది.

టెంటులో ఉన్న అందరి ముందూ చెప్పాను. లారీకి తక్కువ పడితే తీశానని, ముద్ర నేనే గీశానని, పొద్దున అడిగితే అబద్ధమాడానని చెప్పాను. పెద్ద రైతు తలెత్తాడు. "పన్నెండు సంచులు నన్నడిగితే ఇయ్యకపోదునా సార్? నాతోని గంత మాట అనిపించిండ్రు గద ఆమెను" అన్నాడు. తర్వాత లేచి మోటార్‌సైకిల్ స్టార్ట్ చేసి, "ఎక్కుండ్రి" అన్నాడు.

అవ్వ వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. రైతు బండి దిగీ దిగకముందే, "అవ్వా, నాది తప్పయింది. నిన్ను గట్ల అనేదుండకుండె" అన్నాడు. ఆమె పీట చూపించి కూర్చోమంది. నేను నిలబడే ఉన్నాను. నేర్చుకున్న మాటలన్నీ దారిలోనే పోయాయి. "నేనే గీసిన అవ్వా" అని మాత్రం అన్నాను.

"ఎర్కే సారూ." ఒక రాయి ఏరి పారేసింది. "కొంగ మంచిగనే గీసినవ్. నోరే తెరవకపోతివి."

మర్నాడు ఆమె పనిలోకి వచ్చింది. పన్నెండు సంచులూ తిరిగి పోయించి ఆ వడ్లు తూకం వేశాం, పెద్ద రైతు రెండో మడి వడ్లు తెచ్చి పోశాడు. సాయంత్రం ఆ కుప్ప ఎత్తారు. నేను టెంటులోంచి చూస్తున్నాను. ఆమె చుట్టూ ఒకసారి నడిచి, పిడికిట్లో బూడిద తీసుకుని మూడు గీతలు గీసింది. డబ్బా మూత పెట్టి వెళ్లి పరదా మీద కూర్చుంది. ఆ మర్నాడూ మూడు గీతలే. ఆ తర్వాతా అంతే. రోజూ ఫోన్ పట్టుకుని వచ్చే ఆపరేటర్ అమ్మాయి కాసేపు నిలబడి, ఫోన్ బ్యాగులో వేసుకుని వెళ్లేది. హమాలీలు కూడా అటు వైపు చూడటం మానేశారు. ఆ బొమ్మల కోసం సాయంత్రాలు ఎంతమంది ఆగేవారో అప్పుడే తెలిసింది. నేనూ ఆగేవాణ్ని. ఒళ్లు మండేది అన్నాను కదా, అది అసూయ. ఇన్నేళ్ల తర్వాత చెప్పడానికి సిగ్గేమీ లేదు.

"బొమ్మలు గీయి అవ్వా" అని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఏ ముఖంతో అడగను? గీత గీస్తే సరిపోదా అన్నది నేనే కదా. పైఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను, మందలించి వదిలేశారు. ఆ కాగితం నన్ను అంతగా బాధపెట్టలేదు. రోజూ సాయంత్రం ఆ మూడు గీతలు చూడటమే కష్టమైంది.

సీజన్ చివరి రోజున పెద్ద రైతు రెండో మడి వడ్లు కూడా తూకం అయ్యాయి. సంచులన్నీ లారీ ఎక్కాయి. టెంటు విప్పుతున్నారు. లెక్కలు సరిచూసుకుని బయటికి వచ్చేసరికి, కుప్ప ఉండిన జాగాలో, నున్నటి ఖాళీ నేల మీద అవ్వ వంగి నిలబడి ఉంది. పిడికిట్లోంచి బూడిద జారుతోంది. దగ్గరికి వెళ్లాను.

కొంగ. ఒంటికాలు, పొడుగు మెడ, ముక్కున బరువుగా వంగిన కంకి. దాని ఎదురుగా గొడుగు పట్టుకుని, బొజ్జేసుకుని ఒక మనిషి. ఈసారి అతని నోరు తెరిచి ఉంది.

కళ్లు తుడుచుకుని అడిగాను. "వడ్లు పోయినయి కదా అవ్వా. ఇగ కాపలాకు ఏమున్నది ఇక్కడ?"

"కాపలాకు కాదు సారూ. చెయ్యి ఊకుంటలేదు."

డబ్బా బోర్లించి అడుగున మిగిలిన బూడిద దులిపేసింది. టెంటు సామాను ఎక్కించడానికి ట్రాక్టర్ వెనక్కి వస్తోంది. నేను చెయ్యెత్తి ఆపబోయాను. "రానియ్యి సారూ, దాని పని అది చేసుకోనియ్యి" అని ఆమె పక్కకు జరిగింది. ట్రాక్టర్ వచ్చింది. ఆమె చీర దులుపుకుని కాలువ గట్టెక్కింది.

ఆ సాయంత్రం బోర్డు దించి లోపల పెట్టే ముందు, కిరోసిన్ గుడ్డతో కింద మూలనున్న నా పొడి అక్షరాలు తుడిచేశాను. నిటారు కంకులను మాత్రం అలాగే ఉంచాను. ఎవరు గీశారో తెలియాలి కదా.